మిర్చి ఘాటు అనుకున్న ఆయాసం: ఒక కేసులో నైట్రిక్ ఆక్సైడ్ చూపిన దారి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి రాబడి పెరిగే ఫిబ్రవరి నుంచి మే వరకు, హనుమకొండలోని నా ఛాతీ వైద్యశాలకు దగ్గుతో, ఆయాసంతో వచ్చేవారిలో చాలామంది యార్డులోనో, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లోనో పనిచేసేవారే. వారిలో ఎక్కువమందికి ఉన్నది మిర్చి ధూళి గొంతునూ శ్వాసనాళాలనూ మండించడం వల్ల కలిగే బాధ మాత్రమే. పనికి రెండు మూడు రోజులు దూరంగా ఉంటే అది తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం ఆ ఘాటు మాటున అసలైన అలర్జీ ఉబ్బసం దాగి ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేయడంలో నేను మొదట పొరబడి, తరువాత దిద్దుకున్న ఒక కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

మొదటి రాక

ఆమెకు 36 ఏళ్లు. వరంగల్‌కు పాతిక కిలోమీటర్ల లోపు ఉన్న పల్లె. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పత్తి ఏరుతుంది, ఫిబ్రవరి వచ్చేసరికి ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిర్చికి తొడిమలు తీస్తూ, తాలు కాయలను వేరుచేస్తూ రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటుంది. నాలుగేళ్లుగా సీజన్‌లో దగ్గు, రెండేళ్లుగా రాత్రిపూట ఆయాసం. చిన్నప్పటి నుంచి తెల్లవారుజామున తుమ్ములు, కళ్ల దురద ఉన్నాయి. తల్లికి దమ్ము ఉండేది. ఆమె పొగ తాగదు కానీ భర్త ఇంట్లోనే బీడీ కాలుస్తాడు.

ఆమె చెప్పిన మాటను నేను కేసు షీటులో యథాతథంగా రాసుకున్నాను: "సారు, ఘాటుకు అందరం దగ్గుతం. వాళ్లకు ఇంటికి పోంగనె తగ్గుతది, నాకైతె రాత్రి రెండింటికి దమ్ము లేస్తది." రోగనిర్ణయం మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఘాటు నరాలను రేపితే దగ్గు అప్పటికప్పుడు వస్తుంది, ధూళి ఆగితే తగ్గుతుంది. అలర్జీ ప్రతిచర్యలో మాత్రం మొదటి పోటు తగ్గాక, కొన్ని గంటల తరువాత, కణాలు వచ్చి చేరడంతో రెండో పోటు వస్తుంది. సాయంత్రం ఆరింటికి షెడ్డు వదిలిన మనిషిని రాత్రి రెండింటికి నిద్రలేపేది అదే. ఆ మాటను రాసుకున్నాను గాని, దానికి ఇవ్వవలసిన విలువ ఇవ్వలేదు.

ఎందుకంటే ఆ రోజు పరీక్షలన్నీ దానికి ఎదురుగా నిలిచాయి. ఛాతీలో పిల్లికూతలు లేవు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఊపిరి బలాన్ని ఊదించి కొలిచే స్పైరోమెట్రీలో మొదటి సెకనులో వదిలిన గాలి 2.20 లీటర్లు, అంటే ఉండవలసినదానిలో 86 శాతం. అలర్జీలో పెరిగే తెల్లరక్తకణాలు, అంటే ఇసినోఫిల్ కణాలు, రక్తంలో మైక్రోలీటరుకు 90 మాత్రమే. వదిలిన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్, అంటే ఫినో, 31 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 31); శ్వాసనాళాల్లో అలర్జీ మంట ఉంటే ఈ సంఖ్య పెరుగుతుంది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం పెద్దవారిలో 25 లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ. మధ్యలో వచ్చిన సంఖ్య ఎటూ తేల్చదు. మిర్చి ధూళి వల్ల కలిగిన చికాకు అని రాసి, మాస్కు కట్టుకోమని చెప్పి, అవసరమైనప్పుడు పీల్చడానికి, నాళాలను తెరిచే సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి పంపాను.

మందుల గురించి అడగలేదని కాదు. "గోలీలు ఏమన్నా వాడుతున్నారా అమ్మా?" అని అడిగాను. "గోలీలు ఏం లేవు సారు" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను సూదుల గురించి అడగలేదు.

రెండో రాక

నాలుగు వారాల తరువాత ఆమెను ఆటోలో తెచ్చారు. ఊపిరి నిమిషానికి 26 సార్లు, ఆక్సిజన్ 93 శాతం, రెండు వైపులా పిల్లికూతలు. వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో రెండుసార్లు ఆగుతోంది. నెబ్యులైజర్ పెట్టే ముందే ఫినో చేయించగలమా అని ఆలోచించి, ఆమె స్థితి చూసి మానుకున్నాను. ఊపిరాడని మనిషి చేత పది సెకన్లు ఒకే వేగంతో ఊదించడం సరికాదు. ఉపశమనం కలిగాక అప్పటికప్పుడే రక్తం తీయించాను. మరునాడు ఉదయం, నోటి స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే, ఫినో, స్పైరోమెట్రీ చేయించాను. ఒక్క రాత్రి నెబ్యులైజర్‌తో, ఆక్సిజన్‌తో దగ్గరుండి చూసుకోగలిగిన పరిస్థితి కాబట్టే అలా ఆగగలిగాను. తీవ్రత ఇంకొంచెం ఎక్కువ ఉండి ఉంటే సంఖ్య కోసం స్టెరాయిడ్‌ను ఒక్క గంట కూడా ఆపేవాణ్ణి కాదు.

ఫినో 94 పీపీబీ. ఇసినోఫిల్ కణాలు 640. మొదటి సెకనులో వదిలిన గాలి 1.58 లీటర్లు, 62 శాతం. సాల్బుటమాల్ తరువాత 1.93 లీటర్లు, అంటే 350 మిల్లీలీటర్ల మెరుగుదల. ఈ రోగికీ నెల కిందటి రోగికీ పోలికే లేదు.

అప్పుడు అడిగాను, మొదటిసారి నా దగ్గరికి రాకముందు సూదులేమైనా వేయించుకున్నారా అని. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన వరుసగా ఐదు రోజులు సూది వేశాడని, దానితోనే అప్పుడు "మంచిగైంది" అని చెప్పింది. చివరి సూదికీ నా పరీక్షలకూ మధ్య రెండు రోజుల తేడా. ఆ సూది స్టెరాయిడే అయి ఉండాలన్నది నా అభిప్రాయం. ఇసినోఫిల్ కణాలు రక్తంలోంచి గంటల్లో మాయమవడానికీ, ఫినో తగ్గడానికీ, ఛాతీ శుభ్రంగా వినిపించడానికీ అదొక్కటే సరిపోయే కారణం. అంటే మొదటిరోజు నేను కొలిచింది జబ్బును కాదు, స్టెరాయిడ్ కింద అణగి ఉన్న జబ్బును. అప్పటి నుంచి నా కేసు షీటులో గోలీ, సూది, పొడి, పసరు అని నాలుగూ విడివిడిగా అడిగి రాసే గడులు పెట్టుకున్నాను.

మిగతా అనుమానాలను త్వరగానే తీర్చుకున్నాం. మన ప్రాంతంలో ఇసినోఫిల్ కణాలు పెరిగితే బోదకాలు క్రిమి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును తలచుకోవాలి. అందులో సంఖ్య సాధారణంగా 3000 దాటుతుంది కాబట్టి ఇక్కడ అది పొసగలేదు. మలపరీక్షలో నులిపురుగులు లేవు. అలర్జీలో పెరిగే ప్రతిరక్షకం ఐజీఈ మొత్తం 420, ఆస్పర్‌జిల్లస్ బూజుకు ప్రత్యేక ఐజీఈ లేదు కాబట్టి బూజు వల్ల వచ్చే అలర్జీ బ్రాంకోపల్మనరీ జబ్బూ కాదు. సెట్రిజిన్ వారం రోజులు ఆపించి చేసిన చర్మపరీక్షలో ఇంటి దుమ్ము పురుగుకు 7 మిల్లీమీటర్లు, నిల్వ ధాన్యంలోనూ ఇళ్లలోనూ పెరిగే బ్లోమియా పురుగుకు 6, ఆల్టర్నేరియా బూజుకు 4 మిల్లీమీటర్ల దద్దుర్లు వచ్చాయి. తేమ తగిలిన బస్తాలో తాలు కాయలను ఏరే మనిషి చేతికీ ముక్కుకూ దగ్గరగా ఉండేది మిర్చి ఒక్కటే కాదన్నది ఇక్కడ గమనించాలి. ఆ కాయల మీద బూజు ఉంటుంది, బస్తాల దుమ్ములో పురుగులుంటాయి. ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంత ఉంటుంది. ఘాటు వీటన్నిటినీ కప్పేస్తుంది.

కొడుకు వరస కుర్రవాడు అడిగిన ప్రశ్న

ఆమె వెంట వచ్చిన అక్క కొడుకు బీఫార్మసీ చదువుతున్నాడు. రిపోర్టు చూసి అతను అడిగిన ప్రశ్న చాలా సరైనది: "సార్, నైట్రిక్ ఆక్సైడ్ కండరాన్ని వదులు చేస్తది గదా. చిన్నమ్మ ఊపిరిల అది అంత ఎక్కువుంటే గొట్టాలు తెరుచుకోవాలె, మూసుకపోతున్నయెందుకు?" గుండె నొప్పికి నాలుక కింద పెట్టే మాత్ర పనిచేసేది ఈ వాయువుతోనే అని అతనికి తెలుసు. రక్తనాళాలను వదులు చేసే ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడే అని తేల్చినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి వాయువు ఉబ్బసంలో పెరిగి కూడా మేలు చేయకపోవడమే ఈ కేసులో అర్థం చేసుకోవలసిన విషయం.

మనిషి ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉందని 1991లో స్టాక్‌హోమ్ పరిశోధకులు చూపించారు. ఉబ్బసం ఉన్నవారిలో అది పెరుగుతుందని 1993లో తేలింది. దాన్ని తయారుచేసే ఎంజైములు మూడు. నరాల్లోనూ రక్తనాళాల్లోనూ ఉండే రెండు, కాల్షియం సంకేతం అందినప్పుడు మాత్రమే కొద్దికొద్దిగా తయారుచేసి ఆగిపోతాయి. మూడోది ప్రేరిత రూపం, ఐనాస్ అంటారు. ఇది ఒకసారి పుడితే కాల్షియం కోసం చూడదు, గంటల తరబడి, రోజుల తరబడి పెద్ద మొత్తంలో వదులుతూనే ఉంటుంది. దుమ్ము పురుగు విసర్జనలోని ఎంజైములు శ్వాసనాళపు పై పొరను గాయపరిచినప్పుడు ఆ పొర హెచ్చరిక సంకేతాలు పంపుతుంది, వాటిని అందుకున్న రక్షణకణాలు ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 అనే రసాయనాలను విడుదల చేస్తాయి. వీటిలో ఐఎల్-13, ఐఎల్-4 పై పొర కణాల్లోని స్టాట్-6 అనే మధ్యవర్తి ద్వారా ఐనాస్ జన్యువును మేల్కొలుపుతాయి. ఐఎల్-5 మాత్రం ఎముక మూలుగ నుంచి ఇసినోఫిల్ కణాలను తెప్పిస్తుంది. కాబట్టి నా రోగిలో ఫినో 94 అనేది ఐఎల్-13 దారి గురించి, ఇసినోఫిల్ 640 అనేది ఐఎల్-5 దారి గురించి చెబుతున్నాయి. అవి ఒకే చెట్టు కొమ్మలు, ఒకే కొమ్మ కాదు. ఐఎల్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇచ్చినప్పుడు రక్తంలో ఇసినోఫిల్ కణాలు బాగా పడిపోయినా ఫినో పెద్దగా కదలకపోవడం, ఐఎల్-4, ఐఎల్-13 రెండింటినీ అడ్డుకునే డూపిలుమాబ్‌తో ఫినో తగ్గడం ఈ తేడాకు వైద్యంలో దొరికిన రుజువు.

ఇక ముడిసరుకు సంగతి. ఈ ఎంజైములన్నీ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసుకుని, ఆక్సిజన్‌తో కలిపి, సిట్రులిన్‌నూ నైట్రిక్ ఆక్సైడ్‌నూ ఇస్తాయి. అదే ఆర్జినిన్ కోసం ఆర్జినేజ్ అనే మరో ఎంజైము కాచుకుని ఉంటుంది. ఐఎల్-4, ఐఎల్-13 దాన్ని కూడా పెంచుతాయి. చెరువు తూము నుంచి వచ్చే ఒకే కాలువ మీద రెండు మడులుండి, పై మడి గట్టు తెగితే కింది మడికి చేరే నీరెంతో ఆర్జినేజ్ పెరిగినప్పుడు మిగిలే ఆర్జినిన్ అంత. పై మడిలోకి పోయినది వృథా కూడా కాదు, హాని చేస్తుంది: ఆర్జినేజ్ ఆర్జినిన్‌ను ఆర్నితిన్‌గా మారుస్తుంది, ఆర్నితిన్ నుంచి కణాలు పెరగడానికి పాలీఅమైన్లు, కొలాజెన్ అల్లడానికి ప్రోలిన్ వస్తాయి. ఏళ్ల తరబడి వైద్యం అందని ఉబ్బసంలో నాళం గోడ మందం కావడానికి ఇదొక దారి.

ఆర్జినిన్ చాలనప్పుడు ఐనాస్ ఊరికే ఆగిపోదు. దాని పని తప్పుదారి పట్టి, నైట్రిక్ ఆక్సైడ్‌కు బదులు హాని చేసే ఆక్సిజన్ రూపమైన సూపర్‌ఆక్సైడ్‌ను వదులుతుంది. ఉన్న కొద్ది నైట్రిక్ ఆక్సైడ్ ఆ సూపర్‌ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారి, ప్రోటీన్లలోని టైరోసిన్‌కు అంటుకుని వాటిని చెడగొడుతుంది. నాళాలను నిజంగా వదులుచేసే రూపం వేరే ఉంది: నైట్రిక్ ఆక్సైడ్, కణాల్లో సహజంగా ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువుతో కలిసి ఏర్పడే నైట్రోసోగ్లూటాథయోన్. తీవ్రమైన ఉబ్బసంతో ఊపిరి ఆగే స్థితికి వచ్చిన పిల్లల శ్వాసనాళాల్లో ఇలాంటి సమ్మేళనాలు బాగా తగ్గిపోయి ఉంటాయని 1998లో ప్రచురించారు; దీన్ని విరగ్గొట్టే రిడక్టేజ్ ఎంజైము లేని ఎలుకలకు అలర్జీ కలిగించినా నాళాలు అతిగా ముడుచుకోలేదని 2005లో చూపించారు. అంటే గాలిలోకి వచ్చి మన యంత్రానికి చిక్కేది పొరలోంచి బయటకు తప్పించుకున్న వాయువు. కండరానికి పనికివచ్చే నిల్వ ఎంత మిగిలిందో ఆ సంఖ్య చెప్పదు. ఆ కుర్రవాడి ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఇదే: చిన్నమ్మ ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా తయారవుతోంది కానీ, అది కండరానికి మేలు చేసే రూపంలో నిలవడం లేదు.

"అట్లయితె ఆర్జినిన్ పొడి తాగిస్తె?" అని వెంటనే అడిగాడు. గర్భిణులకు రాసే ఆ పొట్లాలు వాళ్ల ఇంట్లో ఉన్నాయట. ఎలుకల్లో ఎక్కువ మోతాదు ఆర్జినిన్ మేలు చేసిందని ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన మాట నిజం. అయితే తీవ్ర ఉబ్బసం ఉన్న మనుషులకు ఇచ్చి చూసిన పరీక్ష 2020లో వెలువడింది, దానిలో దాడుల సంఖ్య తగ్గలేదు. మరోవైపు ఐనాస్‌ను నేరుగా ఆపే మందును 2007లో పరీక్షించారు. ఫినో బాగా పడిపోయింది, కానీ అలర్జీ కలిగించే పదార్థం పీల్చినప్పటి నాళాల ముడుపు గాని, కణాల రాక గాని తగ్గలేదు. పోసినా కుదరలేదు, ఆపినా కుదరలేదు. ఈ రెండు ఫలితాల వల్లే నేను ఫినో సంఖ్యను వైద్యం చేయవలసిన వస్తువుగా చూడను. ఏ మంట రగులుతోందో, పీల్చే స్టెరాయిడ్ అక్కడికి చేరుతోందో లేదో చెప్పే వార్తగా చూస్తాను.

చికిత్స, మళ్లీ ఒక చిక్కు

ఐదు రోజులు నోటి ద్వారా స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్, ఆపైన పరికరంతో పీల్చే క్యాప్సూళ్లు (స్టెరాయిడ్ బుడెసొనైడ్ 200, నాళాలను తెరిచే ఫార్మొటెరాల్ 6 మైక్రోగ్రాములు) ఉదయం రెండు, రాత్రి రెండు, ఆయాసం వచ్చినప్పుడు అదే మందు. బొంతను వారానికోసారి మరిగే నీళ్లలో ఉతికి ఎండలో వేయమన్నాను. ఆరు వారాలకు రమ్మన్నాను.

ఆరు వారాలకు వచ్చింది. ఆయాసం కొంత తగ్గింది, ఫినో 71. నేను అంతకంటే బాగా తగ్గుతుందని ఎదురుచూశాను. మధ్యాహ్నం మూడు గంటలు, ఏం తిన్నారని అడిగితే పాలకూర పప్పు అంది. పాలకూరలో నైట్రేట్ ఎక్కువ, నోటిలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఫినో కొన్ని గంటలపాటు పెరిగి కనిపిస్తుంది. కారణం దొరికిందని నాకు ఊరట కలిగింది. అయినా రెండు రోజుల తరువాత ఉదయం, ఆకుకూర లేకుండా, స్పైరోమెట్రీ కంటే ముందు మళ్లీ ఊదించాను. స్పైరోమెట్రీలో గట్టిగా ఊదితే ఫినో తాత్కాలికంగా తగ్గుతుంది కాబట్టి ఈ వరుస తప్పకూడదు. 68 వచ్చింది. పాలకూరది మూడు పీపీబీ పాపం మాత్రమే.

అప్పుడు ఆమెను మందు పీల్చి చూపించమన్నాను. క్యాప్సూల్ పెట్టింది, తిప్పింది, మెల్లగా, ముక్కుతో గాలి తీసుకున్నట్టు, నోట్లో పెట్టుకుని పీల్చింది. పరికరం విప్పితే సగం పొడి అలాగే ఉంది. అంతేకాదు, ఉదయం పూట మందు అసలు వాడడం లేదని మెల్లగా చెప్పింది. షెడ్డులో పక్కన కూర్చునే ఆడవాళ్లు చూస్తే టీబీ అనుకుంటారని, పంపు అలవాటైతే జీవితాంతం వదలదని ఎవరో అన్నారని. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పని పోతుందన్న భయం ముందు నా మందుచీటీ చాలా చిన్నది.

మోతాదు పెంచడానికి బదులు, ఉత్తర ఐర్లాండ్ వైద్యులు 2012లో ప్రచురించిన పద్ధతిని అనుసరించాను: ఏడు రోజులు ప్రతి మోతాదునూ ఒకరు కళ్లారా చూస్తూ ఇప్పించి ఫినో మళ్లీ కొలవడం. గట్టిగా తగ్గితే మందు పనిచేస్తుందని, ఇన్నాళ్లూ లోపలికి చేరలేదని అర్థం. తగ్గకపోతే మందుకు లొంగని జబ్బు, ఇంకా పెద్ద చికిత్స కావాలి. ఊళ్లోని ఆశా కార్యకర్త ఉదయం, అక్క కొడుకు సాయంత్రం చూసే బాధ్యత తీసుకున్నారు. ఒకేసారి బలంగా, లోతుగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టడం, క్యాప్సూల్ ఖాళీ అయ్యేదాకా రెండోసారి పీల్చడం, ఆపైన నోరు పుక్కిలించడం నేర్పించాం. ఎనిమిదో రోజు ఫినో 29.

మూడు నెలలకు 22 పీపీబీ. మొదటి సెకను గాలి 2.28 లీటర్లు, 89 శాతం, ఇసినోఫిల్ 310. పీల్చే స్టెరాయిడ్ పై పొరలో ఐనాస్‌ను అణచినంతగా మూలుగ నుంచి వచ్చే కణాలను అణచదు కాబట్టి ఈ చివరి సంఖ్య నన్ను కలవరపెట్టలేదు. రాత్రి లేవడం ఆగింది. షెడ్డు మేస్త్రీతో, ఆమె కోరిక మీదే, నేను ఫోనులో మాట్లాడాను: ఇది అంటుకునే జబ్బు కాదని, తేమ బస్తాల తాలు ఏరే పని కాకుండా ఆరుబయట తొడిమలు తీసే పని ఇవ్వమని. ఆయన ఒప్పుకున్నాడు.

మరుసటి ఫిబ్రవరిలో, రాబడి మొదలైన మూడో వారంలో, ఆమె తానే వచ్చింది. ఫినో 34, స్పైరోమెట్రీ 2.25 లీటర్లు. ఆ నెలలో నిద్రలేచిన రాత్రి ఒక్కటే, అదీ బంధువుల ఇంట్లో పాత పరుపు మీద పడుకున్న రాత్రి. ఊపిరి మారకుండా ఫినో 22 నుంచి 34కు పెరగడం చూసి మోతాదు పెంచలేదు, తగ్గించనూ లేదు. యార్డు సద్దుమణిగే మే చివర్లో ఉదయం పూట మరోసారి కొలిచి, అప్పుడు ఆ సంఖ్యనూ, ఆమె నిద్రనూ, స్పైరోమెట్రీనీ కలిపి చూసి రాత్రి మోతాదు ఒకటికి తగ్గించే విషయం ఆలోచిస్తాం.